వీరాస్వామి గారు ఇంకా చదువుతున్నారు

వీరాస్వామి గారికి ఉన్న జబ్బు ఒక్కటే. కంప్యూటర్లో 'ఐ అగ్రీ' అనే మీట నొక్కే ముందు, దాని పైన రాసి ఉన్నదంతా ఆయన చదువుతారు.

మీరు నవ్వలేదంటే నేను చెప్పింది సరిగ్గా అర్థం కాలేదన్నమాట. మళ్ళీ చెబుతాను. ఏదైనా ప్రోగ్రాము ఎక్కించుకునేటప్పుడో, కొత్తగా ఈ-మెయిల్ తెరిచేటప్పుడో, తెర మీద చీమల బారులా సన్నటి అక్షరాలు దిగుతాయి చూడండి, ముప్పై పేజీలో నలభై పేజీలో. మీరూ నేనూ వాటిని జర్రున కిందికి లాగేసి, 'ఇదంతా చదివాను, అర్థమైంది, ఒప్పుకుంటున్నాను' అని పచ్చి అబద్ధం ఆడేసి ముందుకు పోతామే, ఆ అక్షరాలు. వాటిని ఆయన మొదటి నుంచి చివరి దాకా, కామాలు కూడా వదలకుండా చదువుతారు. ఆరంగుళాల ప్లాస్టిక్ స్కేలు తెరకి ఆనించి, ఒక్కో లైనూ కిందికి జరుపుకుంటూ చదువుతారు. భూమ్మీద ఇలాంటి మనిషి ఇంకొకడు ఉన్నాడని ఎవరైనా చూపిస్తే, ఇద్దరి చేతా కలిపి ఒక సంఘం పెట్టిస్తాను. ఆ సంఘం నిబంధనలు చదువుకోవడానికి వాళ్ళిద్దరికీ ఈ జన్మ చాలదు.

ఇది పాతికేళ్ళ కిందటి మాట. పేరు చివర 'డాట్ కామ్' అని తగిలిస్తే చాలు, ఏ వ్యాపారమైనా బంగారమైపోతుందని పెద్ద చదువులు చదివిన వాళ్ళే నమ్మిన రోజులు. మా కంపెనీ ఇంటర్నెట్‌లో దురియన్ పళ్ళు అమ్మేది. దురియన్ అంటే తెలియని వాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. తినేవాడు లొట్టలేస్తాడు, పక్కవాడు ముక్కు మూసుకుని పారిపోతాడు. ఆ కంపు భరించలేక సింగపూర్ రైళ్ళలో దాన్ని తేకూడదని బొమ్మ వేసి మరీ అంటించారు. అలాంటి పండుని మీట నొక్కగానే ఇంటికి పంపించే ఘనకార్యం కోసం, సింగపూర్లోని తంజోంగ్ పగార్‌లో ఓ భవనం ఆరో అంతస్తులో ఏడుగురం కూర్చుని ప్రపంచాన్ని మార్చేస్తున్నాం.

ఆ ఏడుగురిలో తెలుగువాళ్ళం ముగ్గురం. నేను గుడివాడ నుంచి కొత్తగా దిగిన ప్రోగ్రామర్ని, నా పేరు శశికాంత్. ప్రేమ్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు. వాళ్ళ ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. అతని తెలుగులో సగం అరవం, మిగతా సగం ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే 'లా'. మూడోవారు వీరాస్వామి గారు. అమలాపురం మనిషి, నలభై అయిదు దాటినవారు, నలగని ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, స్కేలు. మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఆయనకి అంతకంటే తగిన ఉద్యోగం బ్రహ్మదేవుడు కూడా రాసి ఉండడు.

ఆఫీసు తెరిచిన సోమవారం ఏడు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఆరు మధ్యాహ్న భోజనాలకి ముందే పనిలోకి దిగాయి. ఏడోది గురువారం దాకా దిగలేదు. మా బాసు మిస్టర్ చువా మంచివాడే గాని కాలు నిలవని మనిషి. గంటకోసారి వచ్చి నిలబడేవాడు.

"వీరా, ఫినిష్ ఆల్రెడీ ఆర్ నాట్?"

"పేజ్ నైన్టీన్, సర్."

"హౌ మెనీ పేజ్ గాట్?"

"ఫార్టీ వన్, సర్. ఇదొక్కదానికి. ఇంకా ప్రింటరుది ఉంది."

చువా నా వైపు తిరిగి చూసేవాడు, ఇదేదో మీ దేశపు ఆచారమా అన్నట్టు. నేను నా తెరలోకి తల దూర్చేసేవాణ్ణి.

ఆ వారంలోనే ఓ రోజు టీ తాగుతుంటే వీరాస్వామి గారు నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగారు.

"శశికాంత్ గారూ, సోమవారం మీరు ఏమేం ఒప్పుకున్నారో గుర్తుందాండి?"

"నేనేం ఒప్పుకున్నానండీ?"

"పధ్నాలుగో పేజీ. ఈ ప్రోగ్రాముతో అణువిద్యుత్ కేంద్రం నడపనని మాట ఇచ్చారు."

"మనం దురియన్లు అమ్ముతున్నామండీ!"

"అమ్ముకోండి, కాదనను. మాట మాత్రం ఇచ్చేశారు. రేపెప్పుడైనా మీకు అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగం వస్తే ఈ కంప్యూటరు వెంట తీసుకెళ్ళకండి." ఆయన నవ్వడం లేదు. "చదవకుండా ఒప్పుకుంటే అది ఒప్పుకోవడం కాదండి. తలకాయ ఊపడం."

ఆయన చదవడంతో ఊరుకునే రకం కాదు, జవాబు కూడా రాసేవారు. ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి మూడు పేజీల ఉత్తరం రాశారు: 'అయ్యా, పదకొండో అంశంలో నన్ను యూజర్ అన్నారు. పన్నెండులో మెంబర్ అన్నారు. పదమూడులో కస్టమర్ అన్నారు. నేనెవరినో తేల్చి చెప్పగలరు.' రెండు నెలలకి వాళ్ళ దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఆ కాగితం పదమూడో అంశం దాకా వచ్చిన మొదటి మనిషి తమరేనని, అభినందనలని, బహుమతిగా ఓ టీషర్టు పంపుతున్నామని. టీషర్టు వచ్చింది కూడా. మేమంతా తొడుక్కోమని గొడవ చేశాం. ఆయన తొడుక్కోలేదు. మెడ వెనక కుట్టిన చీటీ తిరగేసి, "ముందు విడిగా చల్లనీళ్ళలో ఉతకాలని రాశారండి" అని మడిచి సంచీలో పెట్టుకున్నారు.

రాసి ఉన్నదంటే ఎంత గౌరవమో, రాసి లేనిదంటే అంత అనుమానం. మధ్యాహ్నం కిందనున్న హాకర్ సెంటర్‌కి తిండికి వెళ్ళేవాళ్ళం. అక్కడ రద్దీలో బల్ల దొరకాలంటే టిష్యూ పొట్లం ఒకటి బల్ల మీద పడేసి వెళ్ళి అన్నం కొనుక్కోవాలి. దాన్ని 'చోప్' చెయ్యడం అంటారు. పొట్లం ఉన్న బల్ల జోలికి సింగపూర్లో ఎంత గొప్పవాడూ వెళ్ళడు.

"టిష్యూ పెడితే బల్ల మనదైపోతుందని ఎక్కడ రాశారు?" అన్నారు వీరాస్వామి గారు.

"ఎక్కడా రాయలేదు అంకుల్," అన్నాడు ప్రేమ్. "అందరికీ తెరియుమ్ లా."

"రాయనిది నేనెలా ఒప్పుకుంటానయ్యా?"

మేం చోప్ చేసిన బల్ల దగ్గర మేం కూర్చుని తినేవాళ్ళం. ఆయన పళ్ళెం చేత్తో పట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడి తినేవారు. ఊడ్చే ముసలమ్మ జాలిపడి ఆయనకి ఓ స్టూలు తెచ్చి ఇచ్చేది. ఆ స్టూలు విషయంలో ఒప్పుకోవలసిందేమీ లేదు కాబట్టి కూర్చునేవారు.

వీరాస్వామి గారి ఇల్లూ మా ఇల్లూ హౌగాంగ్‌లో ఎదురెదురు బ్లాకుల్లో. ఆయన భార్య లీలావతి గారిని నేను అక్కా అనేవాణ్ణి. మా ఆవిడ దీక్షితకి ఈ దేశంలో పరిచయమైన మొదటి ఆడమనిషి ఆవిడే. తొలిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మాయి సరయు హాల్లో ముఖం ముడుచుకుని కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"అంకుల్, మై ఫ్రెండ్స్ ఆల్ చాటింగ్ సిన్స్ సాటర్డే. నాకు మాత్రం నాన్న ఇంకా చదువుతున్నారు. నాన్నా! జస్ట్ క్లిక్ లా!"

"నీ పేరు, నీ పుట్టినరోజు ఎవరికి చెబుతారో రాయలేదు తల్లీ. అడిగాను, జవాబు రావాలి," అన్నారు వీరాస్వామి గారు లోపల్నించి.

లీలావతి గారు పప్పు వడ్డిస్తూ నవ్వారు. "ఇదేం చూశావు తమ్ముడూ, మా పెళ్ళి చూడాల్సింది. మంత్రం చెప్పించబోతే ఆగండి, దీని అర్థమేమిటి అన్నారు. పురోహితుడు చెమటలు తుడుచుకుంటూ, నాయనా, నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు చేయిస్తున్నాను, ఎవరూ అడగలేదు, నాకూ అంతగా తెలియదు అన్నాడు. ఎదురింటి సంస్కృతం మేష్టార్ని పిలిపించారు. ఏడడుగులకీ ఏడు అర్థాలు ఆయన చెబితే, అప్పుడు నడిచారు ఈయన."

"ముహూర్తం?"

"అదెప్పుడో పోయింది. మా నాన్న అటక మీద నుంచి కర్ర తీశాడు. నా మటుకు నాకు ఏడుపొచ్చింది, మొగుణ్ణి చూడమంటే వకీలుని తెచ్చారేమిట్రా అని."

"ఇరవై ఏళ్ళయింది," అన్నారు వీరాస్వామి గారు చేయి కడుక్కుని వచ్చి కూర్చుంటూ. "ఒక్క అంశం అయినా తప్పానేమో అడగండి."

లీలావతి గారు నాకు ఇంకో గరిటె పప్పు వేశారు. ఆవిడ ముఖం మాత్రం బాగా వెలిగిపోయింది.

ఇలా ఏడాదిన్నర గడిచింది. ప్రపంచం మారలేదు గాని దురియన్లు కుళ్ళిపోయాయి. ఇంటర్నెట్‌లో దురియన్ కొనేవాడు ముందు దాన్ని వాసన చూడాలంటాడన్న సంగతి మాకు ఎవరికీ తట్టలేదు. రెండు వేల ఒకటి వచ్చేసరికి డాట్ కామ్‌లన్నీ ఒకదాని తరవాత ఒకటి తలుపులు వేసేసుకున్నాయి. జులైలో ఓ సోమవారం పొద్దున్న చువా మమ్మల్నందర్నీ పిలిచి, నేల చూపులు చూస్తూ, విదేశంలో ఉన్న హెడ్డాఫీసు మా శాఖని మూసేస్తోందని చెప్పాడు. అందరి తెరల మీదకీ ఒక ఒప్పందం వస్తుంది, చదివి 'ఐ అగ్రీ' నొక్కాలి, అంతే అన్నాడు.

అప్పటికి దీక్షితకి ఎనిమిదో నెల నిండుతోంది. మాయ కిందికి ఉందని, మెట్లు ఎక్కడానికి కూడా జాగ్రత్త చెప్పి, విమానం మాటే ఎత్తవద్దంది డాక్టరు. నా మనసంతా అక్కడే ఉంది. ఇంటికెళ్ళి ఈ వార్త ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగా తెర మీద కాగితం వచ్చింది. నా చెయ్యి నన్నడక్కుండానే దాన్ని కిందికి లాగింది. నొక్కింది. రెండు సెకన్లు పట్టిందేమో.

"నొక్కేశారా?" అన్నారు పక్క కుర్చీలోంచి వీరాస్వామి గారు.

"ఎలాగూ పోయే ఉద్యోగమే కదండీ."

ఆయన అప్పటికే రెండో పేజీలో ఉన్నారు. స్కేలు ఆపి, నా వైపు వంగి, మెల్లగా చెప్పారు. "అయిదో అంశం చూశారా? మనల్ని వాళ్ళు పంపించడం లేదు, మనంతట మనమే మానేస్తున్నామని రాశారు. రెండు నెలల నోటీసు మాకక్కర్లేదని మనమే అంటున్నాం. ఒప్పుకున్న రోజే వర్క్ పాస్ రద్దుకి పంపేస్తారు."

పాస్ పోతే కొద్ది వారాల్లో ఈ దేశం వదలాలి. నా పాస్ మీదే దీక్షిత ఇక్కడ ఉంది. తనని విమానం ఎక్కించడానికి వీల్లేదు. ఆ రెండు నెలల నోటీసు ఉంటే, ఈలోగా కాన్పు అయ్యేది, నేను ఇంకో ఉద్యోగమన్నా వెతుక్కునేవాణ్ణి. అవన్నీ నా చేత్తో నేనే, రెండు సెకన్లలో, కాదనుకున్నాను. చువా దగ్గరికి పరిగెత్తాను.

"శశీ, యూ అగ్రీ ఆల్రెడీ, వాట్," అన్నాడు చువా. అతని ముఖంలోనూ బాధే. "సిస్టమ్‌లోకి వెళ్ళిపోయింది. నేనేం చెయ్యను?"

ప్రేమ్ కూడా నొక్కేశాడు. మిగతా నలుగురూ నొక్కేశారు. అయిదు గంటలకి చువా ఏడో కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"వీరా, ఎవ్రీబడీ ఫినిష్. యూ?"

"పేజ్ త్రీ, సర్."

ఒప్పందం మొత్తం పన్నెండు పేజీలే. సరే, రేపు పొద్దున్న అన్నాడు చువా. మర్నాడు పొద్దున్న మూడో పేజీలో ఒక పదం దగ్గర ఆగారు. బుధవారానికి నిఘంటువు తెచ్చుకున్నారు. గురువారం చువా ఓపిక నశించి హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు, ఈ ఒక్కడిని వదిలేసి మిగతా ఆరుగురి పని కానివ్వండి అని. గదిలోంచి బయటికి వచ్చిన చువా ముఖం చూడాలి.

"కెనాట్," అన్నాడు కుర్చీలో కూలబడుతూ. "పదకొండో అంశం అట. జట్టులో అందరూ ఒప్పుకున్న తేదీ నుంచే ఇది అమల్లోకి వస్తుందట. ఒక్కడు మిగిలినా ఎవరిదీ చెల్లదట. హూ రైట్ దిస్ కైండ్ ఆఫ్ థింగ్?"

ఎవరు రాశారంటే ఎవరూ రాయలేదు. హెడ్డాఫీసులో ఎవరో వేరే కంపెనీ కాగితం ఒకటి తెచ్చి పేర్లు మార్చి అంటించారు. రాసినవాడు చదవలేదు, పంపినవాడు చదవలేదు, పుచ్చుకున్న ఆరుగురం చదవలేదు. నాలుగో అంశంలో 'చదివి అర్థం చేసుకోవడానికి ఉద్యోగి తనకు కావలసినంత సమయం తీసుకోవచ్చు' అని కూడా ఉందట. అలాంటి మాట ఎవరైనా నిజంగా తీసుకుంటారని వాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

ఆ క్షణం నుంచి మా ఆఫీసులో పని ఒక్కటే మిగిలింది. వీరాస్వామి గారి స్కేలు వైపు చూడడం. నేను పొద్దున్నే వచ్చి మొదట ఆ స్కేలు ఏ లైను మీద ఉందో చూసేవాణ్ణి. అది ఒక్క వేలెడు కిందికి జరిగితే నా గుండె జారేది. ఇంటికెళ్తే దీక్షిత గుమ్మంలోనే అడిగేది. "ఇవాళ ఎన్నో పేజీ?" "నాలుగు." "అమ్మయ్య!"

ప్రేమ్ ఆయనకి గంటకో కాఫీ తెచ్చి, వాళ్ళ ముత్తాత ఓడ ప్రయాణం మొదటినుంచీ చెప్పేవాడు, చదువు ఆలస్యమవ్వాలని. చువా దానికి విరుగుడు పన్నేవాడు. సన్న అక్షరాలు కనబడడం లేదేమోనని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇచ్చాడు.

"థాంక్యూ సర్," అన్నారు వీరాస్వామి గారు. "అయితే తెర మీద ఉన్నదీ ఇదీ ఒకటో కాదో పోల్చి చూసుకోవాలి."

దానికి ఓ వారం పట్టింది. మాకందరికీ నోటీసులిచ్చి పంపేసే దారి చువాకి ఎప్పుడూ ఉంది. కాని ప్రతి సాయంత్రం అడిగేవాడు, "టుమారో ఫినిష్?" అని. "ప్రయత్నిస్తాను సర్," అనేవారు ఈయన. రేపు అయిపోయే పనికి రెండు నెలల నోటీసు ఎవడిస్తాడు? అలా రేపు రేపు అంటూనే అయిదు వారాలు గడిచిపోయాయి.

నేనేం అనుకున్నానో నిజం చెబుతాను. ఇదంతా ఆయన చాదస్తమే అనుకున్నాను. ఏడాదిన్నర పాటు నేను నవ్విన చాదస్తం అనుకోకుండా నాకు కలిసొచ్చింది అనుకున్నాను. దేవుడికి దండం పెట్టుకున్నాను గాని ఆయనకి కాదు. పైగా నాలుగో వారంలో ఆయన తొమ్మిదో పేజీకి వచ్చేశారని తెలిసి, కొంచెం ఆగలేడా ఈ మనిషి అని లోలోపల విసుక్కున్నాను కూడా.

ఆగస్టు మధ్యలో మాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆస్పత్రికి లీలావతి గారితో పాటు వచ్చిన వీరాస్వామి గారు, మంచం దగ్గర తగిలించిన చార్టు మొత్తం చదివి, "ఎనిమిది గంటలకి జ్వరం చూశామని రాశారు, ఎంతో రాయలేదు" అని నర్సుని పట్టుకుని అడిగి, అప్పుడు పాప వైపు చూశారు. ఆ తరవాతి వారం బూన్ లే వైపు ఓ ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగంలో నాకు ఉద్యోగం దొరికింది. హౌగాంగ్ నుంచి అక్కడికి వెళ్ళడమంటే సింగపూర్ ఈ కొస నుంచి ఆ కొసకి. అయితేనేం, వాళ్ళు కొత్త పాస్ చేయించి ఇచ్చారు.

ఈసారి బుద్ధి వచ్చి, సంతకం పెట్టే ముందు ఆ కాగితాలు తీసుకెళ్ళి వీరాస్వామి గారి ముందు పెట్టాను. పధ్నాలుగు పేజీలు. ఆయన గబగబా తిప్పి, రెండు చోట్ల పెన్నుతో గీత పెట్టి, "బాగుందండి. ఈ రెండూ అడిగి సంతకం పెట్టేయండి" అన్నారు. మొత్తం పది నిమిషాలు పట్టలేదు. నా మట్టిబుర్రకి అప్పుడైనా వెలగలేదు.

కొత్త పాస్ నా చేతికొచ్చిన మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆయన కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, "మిస్టర్ చువా, ఐ హావ్ ఫినిష్డ్" అన్నారు. 'ఐ అగ్రీ' నొక్కారు. చువా చప్పట్లు కొట్టాడు. తరవాత ఏమనుకున్నాడో ఏమో, ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు. ఏడు వారాల పాటు రోజూ చూసిన మనిషి మీద ప్రేమ పుట్టినట్టుంది.

ఇరవై ఒకటో రోజున మా ఇంట్లో బారసాల. వంటింట్లో లీలావతి గారు పులిహోర కలుపుతున్నారు. నేను పళ్ళేలు తీసుకోవడానికి వెళ్ళి, మాటల్లో అన్నాను, "అక్కా, వీరాస్వామి గారి నిదానమే మమ్మల్ని కాపాడింది. ఇంకో మనిషైతే మొదటి రోజే నొక్కేసేవాడు."

ఆవిడ గరిటె ఆపేశారు. "నిదానమా? ఆయనా? పిచ్చి తమ్ముడూ, ఆ పన్నెండు పేజీలూ ఆయన మొదటి రోజు ఇంటికొచ్చే లోపే రెండుసార్లు చదివేశారు. వచ్చీ రాగానే, దీక్షితకి నెల ఎప్పుడు నిండుతుంది అని నన్నడిగారు. ఆగస్టు రెండో వారం అన్నాను. క్యాలెండర్ ముందు నిలబడి వేళ్ళు మడిచి, అయితే లీలా, ఈ కాగితం నాకు ఇంకా అర్థం కాలేదు, చాలా కష్టమైన కాగితం అన్నారు."

నేను చేతిలో పళ్ళేలు మళ్ళీ గట్టు మీద పెట్టేశాను.

"మాకు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ ఉంది కదా, ఎక్కడికీ పోనక్కర్లేదు. ముందే మాట్లాడుకున్న ఓ బ్యాంకులో ఆగస్టు ఒకటిన చేరాలి ఆయన. ఇక్కడ తెమలకుండా అక్కడెలా చేరతారు? వాళ్ళు నెల రోజులు ఆగి వేరే వాళ్ళని తీసుకున్నారు. ఏం పరవాలేదులే, ఇంకోటి దొరుకుతుంది. నీకు చెప్పొద్దన్నారు. నువ్వు మళ్ళీ నేను చెప్పానని ఆయనతో అనకు."

అనకుండా ఎలా ఉంటాను? సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. ఆయన మీద ఎన్ని జోకులు వేశాను, ఆ హాకర్ సెంటర్లో ఎంతమందిని నవ్వించాను! హాల్లోకి వెళ్ళాను. వీరాస్వామి గారు సోఫాలో కూర్చుని, ఎవరో బహుమతిగా తెచ్చిన ఉయ్యాల డబ్బా మీద అక్షరాలు చదువుతున్నారు. నేను వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన చటుక్కున కాళ్ళు పైకి లాక్కున్నారు.

"ఆగండాగండి! ఎందుకో చెప్పకుండా దండం పెడితే నేను తీసుకోనండి."

"మీరు మా కోసం కావాలని మెల్లగా చదివారు."

"ఎవరన్నారు? మెల్లగా చదవలేదు." ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "మళ్ళీ మళ్ళీ చదివాను. నలభై మూడు సార్లు. రోజూ చదువుతున్నాననే చువాతో చెప్పాను, చదువుతూనే ఉన్నాను. అబద్ధం ఆడానని ఎవరూ అనకూడదు."

"బ్యాంకు ఉద్యోగం పోయిందటగా."

ఆయన వంటింటి వైపు చూశారు. లోపల గరిటె చప్పుడు ఒక్కసారిగా ఎక్కువైంది. "ఆ బ్యాంకు కాగితంలో ఎనిమిదో అంశం నాకు నచ్చలేదండి," అని గొణిగి మళ్ళీ డబ్బా చదవడం మొదలుపెట్టారు. డబ్బా తలకిందులుగా ఉంది.

ఇదంతా గది గుమ్మంలోంచి వింటున్న దీక్షిత తిన్నగా వచ్చి పాపని ఆయన ముందుకి చాచింది. ఎలా ఎత్తుకోవాలి, తల ఎటు ఉండాలి, ఎంతసేపు, ఏడిస్తే ఎవరిది పూచీ అని మొదలుపెడతారనుకున్నాను. మొదలుపెట్టలేదు. డబ్బా పక్కన పడేసి, రెండు చేతులూ చాచి, ఒక్క ప్రశ్నైనా అడక్కుండా పాపని తీసుకుని గుండెకి ఆనించుకున్నారు. అప్పుడే వంటింట్లోంచి వచ్చిన లీలావతి గారు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయారు. ఆవిడని పెళ్ళాడేటప్పుడు అర్థాలడిగి ముహూర్తమే దాటించిన మనిషి!

ఓ నిమిషం తరవాత ఆయన ఇస్త్రీ చొక్కా మీద, పై జేబు నుంచి నడుం దాకా, తడి మెల్లగా పాకడం మొదలుపెట్టింది. వీరాస్వామి గారు కిందికి చూసుకున్నారు. పాప వైపు చూశారు. నా వైపు చూశారు.

"ఇది ముందుగా చెప్పాలి కదండీ," అన్నారు, పాపని ఇంకా దగ్గరికి పొదువుకుంటూ.